పొలాలు పొలాలుగనే ఉండాలంటే జనం ఎంత ఇస్తరు? ఇది సర్వేల ఎట్ల అడగాలె?

తరిపొలం_హన్మకొండ

అందరికీ నమస్తే. నేను ఎకనామిక్స్ పీజీ చేస్తున్న, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకు వరంగల్ చుట్టూ ఉన్న సాగుభూమిని కాపాడుకోవడానికి పబ్లిక్ ఎంత విలువ ఇస్తున్నరు అనే టాపిక్ తీసుకున్న. ధర్మసాగర్ దిక్కు, హసన్‌పర్తి దిక్కు, గీసుగొండ దిక్కు ఎటు పోయినా ఒకటే కనిపిస్తది, ఒక పక్క ఎస్సారెస్పీ కాలువ నీళ్ళతోని నాట్లు పడుతుంటయి, గెట్టు దాటంగనే చదును చేసిన జాగల తెల్లరాళ్ళు పాతి, ఆర్చ్ కట్టి, గజం ఇంత అని బోర్డు పెట్టి ఉంటది. ఆ బోర్డు మీద ఉన్నది ప్లాటు ధర, అది అందరికీ తెలుసు. కానీ అదే జాగ పొలంగ ఉంటే ఊరికి, సిటీకి ఏం లాభం, వాన నీళ్ళు ఇంకుడు, బాయిల నీళ్ళు ఉండుడు, కూరగాయలు దగ్గర్నుంచి వచ్చుడు, కండ్లకు పచ్చగ కనపడుడు, వీటికి ఏ బోర్డు మీద ధర లేదు కదా. దాన్నే కొలవాలని నా ప్రయత్నం.

మా గైడ్ సార్ కంటింజెంట్ వాల్యుయేషన్ చెయ్యమంటున్నరు, అంటే నేరుగ జనాన్ని మీరు ఎంత కడతరు అని అడుగుడు. మా క్లాస్‌మేట్ ఏమో ఛాయిస్ ఎక్స్‌పెరిమెంట్, అంటే రెండు మూడు పథకాలు కార్డు మీద చూపించి ఒకటి ఎంచుకోమనుడు, అది బెటర్ అంటున్నడు. నేను మా కాలనీల కొంతమందిని ఊరికే అడిగి చూసిన, సగం మంది "అయ్యో పొలాలు పోవద్దు, ఎంతైనా ఇస్తం" అన్నరు, మిగిలినోళ్ళు "మేమెందుకు కట్టాలె, సర్కారు చూసుకోవాలె" అన్నరు. ఈ రెండు జవాబులతోని ఏ లెక్క తేలుతది చెప్పున్రి. ఇంకో డౌటు, ఇదంతా ఎందుకు, రిజిస్ట్రేషన్ ఆఫీసుల లెక్కలు తీసుకొని పొలాల పక్కనున్న ఇండ్ల ధరలు, దూరం ఉన్న ఇండ్ల ధరలు పోల్చి చూస్తే సరిపోదా? ఇంకా ఎవరిని అడగాలె, సిటీ వాళ్ళనా, ఊరోళ్ళనా, ఇద్దరినా? ఈ పని చేసినోళ్ళు, పొలం ఉన్నోళ్ళు ఎవరైనా చెప్పున్రి ప్లీజ్.

---

లెక్కలమాస్టర్_కేయూ_రోడ్

తమ్మీ మంచి టాపిక్ తీసుకున్నవ్. ముందు రిజిస్ట్రేషన్ లెక్కల సంగతి చెప్త, అది మన దగ్గర నడవదు. రెండు కారణాలు. మన దగ్గర చాలావరకు సర్కారు వాల్యూకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటరు, అసలు బజారు ధర కాగితం మీదికి రాదు, కాబట్టి డేటానే తప్పు. అది సరిచేసినా ఇంకో చిక్కు ఉన్నది, ఇంటి పక్కన పొలం ఉంటే ఆ ఇంటి ధర పెరిగేది పొలం పచ్చగ ఉందని కాదు, రేపు అది కూడ వెంచర్ అయితది, రోడ్డు పడతది అనే ఆశతోని. అంటే నువ్వు పొలం విలువ కొలుస్తున్న అనుకుంటవు, కానీ కొలిచేది పొలం పోతదనే నమ్మకాన్ని. ఈ పద్ధతి అమెరికాల, యూరప్‌ల పొలం ఎప్పటికీ పొలంగనే ఉంటదని కాగితం ఉన్న చోట బాగ పనిచేస్తది, మన రింగురోడ్డు పక్కన కాదు.

ఇగ నేరుగ అడిగే పద్ధతి. ఇది కొత్తది కాదు, 1963ల రాబర్ట్ డేవిస్ అమెరికాల మేన్ రాష్ట్రం అడవుల మీద మొదటిసారి చేసిండు. పెద్ద పేరొచ్చింది మాత్రం 1989ల అలాస్కాల ఎక్సాన్ వాల్డీజ్ షిప్పు నుంచి నూనె ఒలికినంక, ఆ సముద్రతీరం ఎన్నడూ చూడని జనానికి కూడ దాని విలువ ఉంటదా, ఉంటే ఎంత అని కోర్టుల దాక పోయింది. అప్పుడు అక్కడి సర్కారు సంస్థ నోవా ఒక ప్యానెల్ వేసింది, కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో ఇద్దరు నోబెల్ వచ్చినోళ్ళు దానికి పెద్దలు, 1993ల రిపోర్ట్ ఇచ్చిన్రు. వాళ్ళు చెప్పిన ముఖ్యమైన మాట నీ సమస్యకు సరిగ్గ సరిపోతది: "ఎంత ఇస్తవ్" అని అడగొద్దు, ఓటు అడిగినట్టు అడగాలె. అంటే "ఈ పథకం వస్తే మీ ఇంటి పన్నుల ఏడాదికి 300 రూపాయలు పెరుగుతది, సగానికంటె ఎక్కువ మంది ఒప్పుకుంటేనే పథకం వస్తది, వస్తే అందరూ కట్టాలె, మీ ఓటు అవునా కాదా" అని. ఒకరికి 100 అని, ఒకరికి 300 అని, ఇంకొకరికి 600, 1200 అని చిట్టీ తీసినట్టు మార్చి అడగాలె, ఒక్కొక్క మనిషికి ఒక్కటే రేటు. మనిషికి అంకె చెప్పుడు కష్టం, అవును కాదు చెప్పుడు అలవాటే, కూరగాయల దగ్గర రోజూ చేసేదే.

లెక్క ఎట్ల తేలుతదో చూపిస్త, ఇవి ఊరికే ఉదాహరణకు పెట్టిన అంకెలు, ఎక్కడా తీసుకున్నయి కావు. 100కు 80 శాతం అవును అన్నరు, 300కు 55 శాతం, 600కు 30 శాతం, 1200కు 10 శాతం అనుకో. 100 దాక ఒప్పుకొని 300కు వద్దన్నోళ్ళు 25 శాతం, వాళ్ళకు తక్కువల తక్కువ 100 వెయ్యి. తర్వాత 25 శాతానికి 300, తర్వాత 20 శాతానికి 600, ఆఖరి 10 శాతానికి 1200. అంటే 25, 75, 120, 120 కలిపితే ఇంటికి ఏడాదికి 340 రూపాయలు. దీన్ని టర్న్‌బుల్ లెక్క అంటరు, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, తక్కువ వైపే ఉంటది కాబట్టి ఎవరూ పెంచి చెప్పినవ్ అనలేరు. ఇంకా రిగ్రెషన్ చెయ్యాలంటే లాజిట్ (అవును కాదు జవాబులకు వాడే రిగ్రెషన్) చెయ్యి, సార్‌కు కూడ నచ్చుతది.

కానీ జాగ్రత్త, నోటితోని అన్నదానికి చేతితోని ఇచ్చేదానికి తేడా ఉంటది. 2005ల 28 స్టడీలు కలిపి చూసిన ఒక మెటా అనాలసిస్‌ల నోటిమాట అంకె నిజంగ కట్టినదానికంటె మీడియన్ తీసుకుంటే 1.35 రెట్లు వచ్చింది, కొన్ని స్టడీలల మరీ ఎక్కువ ఉండుడుతోని యావరేజ్ 2.6 రెట్లు దాక పోయింది. అందుకే అవును అన్నోళ్ళను "ఎంత గట్టిగ చెప్తున్నరు, పదికి ఎన్ని" అని మళ్ళ అడుగు, గట్టిగ లేని అవునులను కాదు కింద రాసి రెండో లెక్క కూడ చెయ్యి. ప్రశ్నకు ముందే "చాలామంది సర్వేల అవునంటరు కానీ బిల్లు వచ్చినప్పుడు కట్టరు, మీరు నిజంగ బిల్లు వచ్చినట్టే ఆలోచించున్రి" అని చదివి వినిపించు, ఇది కొన్ని స్టడీలల పనిచేసింది, కొన్నింటిల అంతగ పనిచెయ్యలె.

---

కాలువకింద_రైతు

నేను రింగురోడ్డు దగ్గరి ఊరోన్ని, కాలువ కింద మూడెకరాల తరి, పైన కొంచెం చెల్క ఉంటది. మీ లెక్కలు చదివిన, మంచిగనే ఉన్నయి, కానీ అన్నీ సిటీల ఇల్లున్నోడు ఎంత కడతడు అనే దగ్గరనే తిరుగుతున్నయి. పొలం ఎవలిది? మాది. అది పొలంగనే ఉండాలంటే నష్టపోయేది ఎవలు? మేమే. సిటీల ఆయన 340 రూపాయలు ఇస్తనంటే సంతోషమే, కానీ నా పక్కోడు అమ్ముకొని బిడ్డ పెండ్లి చేసిండు, హన్మకొండల ఇల్లు కట్టిండు, నేను పచ్చగ కనపడాలని వడ్లు పండిస్తుండాలె అంటే ఎట్ల? భూమి మాకు పంట ఒక్కటే కాదు, దవాఖాన ఖర్చు అదే, పిల్లల చదువు అదే. అమ్ముకునే హక్కు తీసేస్తే ఆ పట్టా పాసుబుక్కు మీద బ్యాంకోడు ఎంత అప్పిస్తడో అది కూడ అడుగు తమ్మీ.

అందుకని నీ సర్వేల రెండు ఫారాలు పెట్టు. సిటీ వాళ్ళకు "ఎంత కడతరు", మాకు "ఎంత ఇస్తే 30 ఏండ్లు ప్లాట్లకు అమ్మకుండ ఉంటరు". మాదగ్గర కూడ అందరు అమ్ముదామనే లేరు. మా ఊర్ల చాలామంది అమ్మింది ఇష్టంతోని కాదు, పక్కన పొలం పోయినంక ఎవుసం నడవక. ఇది పుస్తకాలల ఉంటదో లేదో తెల్వదు కానీ నీకు పనికొస్తది, చెప్త విను. నాకు పై గెట్టు పొలం వెంచర్ అయ్యింది. మొదలు వాళ్ళు జేసీబీ పెట్టి పిల్లకాలువ పూడ్చి సీసీ రోడ్డు పోసిన్రు, నీళ్ళు నా మడికి రాలె. పైపు వేస్తమన్నరు, వేసిన్రు, అది చిన్నది, కాలువ వదిలినప్పుడు చెత్త తట్టుకొని ఆగుతది, ప్రతి తడికి నేనే పోయి కట్టెతోని పొడవాలె. తర్వాత హార్వెస్టర్‌కు దారి లేకపాయె, వెంచర్ రోడ్ల మీదికెళ్ళి ట్రాక్టర్ చైన్ బండి పోతే రోడ్డు ఖరాబయితదని ఆపుతున్నరు. ప్లాట్లు కొన్నోళ్ళు ఇండ్లు కట్టరు, ముండ్లకంప మొలుస్తది, పందులు అండ్లనే ఉంటయి, రాత్రి వచ్చి నా మక్క చేను తొక్కుతయి. ఇట్ల రెండు మూడు పంటలు పోయినంక ఏజెంట్ వచ్చి "ఇంకెందుకే అన్నా కష్టపడుతవ్" అంటడు, మనిషి అమ్ముతడు.

కాబట్టి ఒక ఎకరం ఇక్కడ, ఒక ఎకరం అక్కడ కాపాడితే ఏం లాభం లేదు. ఒక తూము కింద ఉన్న ఆయకట్టు మొత్తం ఒక్కతాన ఉండాలె. నీ ప్రశ్నల "ఎన్ని ఎకరాలు" అని కాదు, "ఒక్కతాన ఎన్ని ఎకరాలు" అని పెట్టు.

---

లెక్కలమాస్టర్_కేయూ_రోడ్

అన్నా, మీరు చెప్పిన ఒక్కతాన అనేది ఈ మొత్తం థ్రెడ్‌ల అన్నిటికంటె పనికొచ్చే మాట. దీనికి ఎకనామిక్స్‌ల సంబంధం ఉన్న ఒక పాత తలనొప్పి ఉన్నది. అమెరికాల 1990ల మొదట్ల ఒక స్టడీ చేసిన్రు, నూనె గుంటలల పడి చచ్చిపోయే వలస పక్షులను వలలు కప్పి కాపాడుడుకు ఎంత ఇస్తరు అని. ఒక గుంపును 2,000 పక్షులని అడిగితే 80 డాలర్లు అన్నరు, ఇంకో గుంపును 20,000 అని అడిగితే 78, మూడో గుంపును 2,00,000 అని అడిగితే 88. అంటే జనం సంఖ్య చూసి చెప్పలె, మంచి పనికి చందా ఇచ్చినట్టు చెప్పిన్రు. నీ సర్వేల కూడ 500 ఎకరాలకు, 5,000 ఎకరాలకు ఒకటే జవాబు వస్తే అది పొలం విలువ కాదు, మంచోడిని అనిపించుకునే విలువ. అందుకే సగం మందికి చిన్న పథకం, సగం మందికి పెద్ద పథకం చూపించి తేడా వస్తుందా లేదా టెస్ట్ చెయ్యాలె. ఎకరాలు అంటే సిటీల వాళ్ళకు ఊహకు రాదు, "ఫలానా చెరువు తూము కింద మొత్తం" అని మ్యాప్ మీద రంగు వేసి చూపిస్తే వస్తది.

ఇంక మీరు అడిగిన 30 ఏండ్ల సంగతి, ఇది చెయ్యొచ్చు, చేసిన్రు కూడ. న్యూయార్క్ రాష్ట్రంల సఫోక్ కౌంటీ అని ఉన్నది, న్యూయార్క్ సిటీ పెరుగుతుంటే ఆలుగడ్డ పొలాలన్నీ ఇండ్లు అయితున్నయని 1974ల ఒక పద్ధతి మొదలుపెట్టిన్రు. సర్కారు భూమి కొనదు, కట్టడాలు కట్టుకునే హక్కు ఒక్కటే కొంటది. భూమి రైతు పేరు మీదనే ఉంటది, దున్నుకుంటడు, కొడుక్కు ఇస్తడు, ఇంకో రైతుకు అమ్ముతడు, ప్లాట్లు మాత్రం చెయ్యొద్దు, బజారు ధరకు సాగు ధరకు ఉన్న తేడా పైసలు రైతుకు ఇస్తరు. ఆ పైసలు జనం పన్నుల నుంచే. పెన్సిల్వేనియాల 1987ల ఇట్లాంటి దానికోసం 10 కోట్ల డాలర్ల బాండ్లకు జనం నిజంగ ఓటేసి ఒప్పుకున్నరు. ఎకనామిస్టులు ఆ ఓట్లను కౌంటీల వారీగ తీసుకొని ఎక్కడ ఎక్కువ మద్దతు వచ్చింది, ఎందుకొచ్చింది అని లెక్కలు వేసిన్రు, అది నోటిమాట కాదు, నిజంగ తమ మీద పడే ఖర్చుకు వేసిన ఓటు. మన దగ్గర అట్లాంటి ఓటు లేదు కాబట్టి సర్వే తప్పదు.

---

మెప్మా_ఆర్పీ_కాజీపేట

నేను మహిళా సంఘాల పని మీద ఇల్లిల్లు తిరిగే మనిషిని, సర్వేలు కూడ చానా చేసిన. తమ్ముడూ నీకు రెండు మూడు సంగతులు చెప్త, సార్ చెప్పనివి.

ఇంటి పన్నుల పెంచుతం అని అడుగుతవు సరే, కిరాయికి ఉన్నోళ్ళు ఏం చెప్తరు? వాళ్ళ పేరు మీద పన్ను రాదు, "పెంచుకో" అంటరు. కాలనీల సగం ఇండ్లు కిరాయివే ఉంటయి. వాళ్ళను కరెంటు బిల్లు మీద అడుగు, అది అందరికీ వస్తది. ఇంక బస్తీలల అడిగితే ఆడోళ్ళు సున్నా చెప్తరు, అయితే వాళ్ళకు పొలాలు అక్కర్లేవని రాసుకుంటవా? నాట్లకు, కలుపుకు, పత్తి ఏరుడుకు, మిర్చి ఏరుడుకు మా బస్తీ నుంచి పొద్దుగాల ఆటోల ఎక్కి పోయే ఆడోళ్ళు ఎంతమందో ఉన్నరు. అటు గీసుగొండ, ఇటు ధర్మసాగర్ దాక పోతరు. పొలం పోతే వాళ్ళ కైకిలి పోతది. పొలం పట్టా ఉన్నోనికి ప్లాటు పైసలు వస్తయి, కౌలు చేసుకునేటోనికి, కైకిలికి పోయేటోళ్ళకు ఏం రాదు, నీ రెండు ఫారాలల వీళ్ళు ఎక్కడా లేరు. వాళ్ళ దగ్గర పైసలు లేవు కానీ పొలం విలువ వాళ్ళకంటె ఎవరికి ఎక్కువ తెలుసు. పైసలకు బదులు "ఏడాదికి ఎన్ని రోజులు చెరువు పనికి, కాలువ పూడిక పనికి వచ్చి చేస్తరు" అని అడుగు, గప్పుడు జవాబు వస్తది.

ఇంకోటి, ఇది చానా ముఖ్యం. హన్మకొండల మధ్యతరగతి ఇంట్ల అడిగితే పొలాలు కాపాడాలె అంటరు, మంచి మాటలే చెప్తరు. తర్వాత "మీకు వెంచర్ల ప్లాటు ఉన్నదా" అని అడుగు. చానా ఇండ్లల ఉంటది, టీచర్లు, సింగరేణి వాళ్ళు, రైల్వే వాళ్ళు, పిల్ల పెండ్లికి పనికొస్తదని కొనిపెట్టుకున్నరు. వాళ్ళ తప్పు కాదు, పైసలు దాచుకునేందుకు వాళ్ళకు తెలిసిన తొవ్వ అదే. కానీ పొలం పోవుడుకు ఆ ప్లాటే కారణం కదా. ఈ ప్రశ్న లేకుండ నీ సర్వే చేస్తే సగం నిజమే వస్తది.

ఎప్పుడు అడుగుతవు అనేది కూడ చూసుకో. 2020 ఆగస్టుల వరంగల్ల నీళ్ళు ఇండ్లల జొచ్చినప్పుడు, మళ్ళ 2023 జులైల కూడ, చెరువులు, పొలాలు ఆగమైనయ్ గనకనే ఇట్లయ్యింది అని ప్రతి ఇంట్ల అన్నరు. అదే ఎండాకాలం పోయి అడుగు, నీళ్ళ ట్యాంకర్ గురించి మాట్లాడుతరు. వానలప్పుడు కొంతమందిని, యాసంగిల కొంతమందిని అడిగితే మంచిది.

---

తరిపొలం_హన్మకొండ

అక్కా మీరు చెప్పిన ప్లాటు ప్రశ్న నాకు తట్టనే లేదు, తప్పకుండ పెడత, అది ఎనలైజ్ చేస్తే పేపర్ల అదే ముఖ్యమైన పాయింట్ అయ్యేటట్టున్నది. కైకిలి వాళ్ళకు వేరే ఫారం, పని దినాల ప్రశ్న కూడ రాసుకున్న. కాలువకింద అన్నా, మీ పిల్లకాలువ సంగతి చదివినంక ఛాయిస్ కార్డు ఒకటి గీసిన, చూడున్రి:

'ఏ' పథకం: చెరువు తూము కింద ఆయకట్టు మొత్తం ఒక్కతాన, పిల్లకాలువలు, బండ్ల దారులు పూడ్చకుండ, రైతుకు కట్టడ హక్కు పైసలు, 30 ఏండ్లు, ఇంటికి కరెంటు బిల్లుల నెలకు 30 రూపాయలు.

బీ పథకం: అంతే ఎకరాలు కానీ ఊళ్ళల అక్కడక్కడ, రైతుకు పైసలు లేవు, ప్లాట్లు చెయ్యొద్దని నిషేధం మాత్రమే, ఎప్పటికీ, నెలకు 10 రూపాయలు.

సీ: ఇప్పుడున్నట్టే ఉండనీ, పైసలేం లేవు.

ఒక్కొక్కరికి ఇట్లాంటివి కొన్ని కార్డులు చూపిస్త, కార్డు కార్డుకు ముచ్చట మారుతది. దీంతోని ఒక్కతాన ఉండుడుకు ఎంత, రైతుకు న్యాయం జరుగుడుకు ఎంత అని విడివిడిగ తెలుస్తది అనుకుంటున్న. సరేనా?

---

జీఓ80ఏ_గుర్తున్నది

కార్డులు బాగున్నయి. నేను కొంచెం అడ్డం మాట్లాడత, ఏమనుకోవద్దు, నీ పని మంచిగ కావాలనే.

2022ల కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) రింగురోడ్డు పక్కన ల్యాండ్ పూలింగ్ అని, అంటే రైతుల భూములు కలిపి తీసుకొని లేఅవుట్ చేసి కొంత ప్లాట్లుగ తిరిగిచ్చుడు, 27 ఊర్లల 21 వేల ఎకరాల పైచిలుకు భూమికి లెక్క గట్టింది, ఆ సర్కారు ఉత్తర్వే జీఓ 80ఏ. మా ఊరు అండ్ల ఉన్నది. ఊర్లకు ఊర్లు రోడ్ల మీదికి వచ్చినయి, గ్రామసభలల తీర్మానాలు చేసినయి, ఆ ఏడాది మే నెలల సర్కారు వెనక్కి తీసుకున్నది. ఎవడూ మమ్మల్ని సర్వే చెయ్యలె, ఎంత కడతవ్ అని అడగలె. పనులు ఇడిసిపెట్టి ఎండల రోడ్ల మీద కూసున్నం, కేసులకు భయపడలె, అదీ ఒక విలువే కదా, అది ఏ కార్డుల వస్తది?

ఇప్పుడు నా భయం చెప్త. మాస్టర్ సార్ ఉదాహరణ లెక్కల ఇంటికి 340 వచ్చింది. వరంగల్ల 2 లక్షల ఇండ్లు అనుకో, 6 కోట్ల 80 లక్షలు ఏడాదికి. ఆ 21 వేల ఎకరాలకు పంచితే ఎకరానికి 3,200 చిల్లర. రైతుభరోసా కిందనే ఎకరానికి సీజన్‌కు 6 వేలు, ఏడాదికి 12 వేలు ఇస్తున్నరు. రింగురోడ్డు పక్కన ఎకరం కోట్లల ఉన్నది. రేపు ఎవడో ఆఫీసర్ నీ ప్రాజెక్టు తీసుకొని "చూడున్రి, జనం దృష్టిల పొలం విలువ ఎకరానికి 3,200, ప్లాటు విలువ కోటి, ఇంక ఆలోచించేదేమున్నది" అంటడు. మనమే అంకె తయారుచేసి వాళ్ళ చేతిల పెట్టినట్టు అయితది. కొన్ని వాటికి ధర కట్టకుండ చట్టంతోని కాపాడాలె. కేరళల 2008ల వరి పొలాలు, తడి భూముల చట్టం తెచ్చిన్రు, వరి పొలం పూడ్చొద్దు అంతే, ఇల్లు లేనోడు సొంత ఇల్లు కట్టుకుందామంటే పంచాయతీల 10 సెంట్లు, మున్సిపాలిటీల 5 సెంట్లు దాక ఒప్పుకుంటరు. 2018ల సవరణ చేసి కొంత సడలించిన్రు, అది వేరే బాధ. మన దగ్గర 2013 భూసేకరణ చట్టంల కూడ 10వ సెక్షన్ చదువు, రెండు పంటలు పండే నీటి వసతి భూమిని వేరే దిక్కు లేకుంటేనే తీసుకోవాలె, తీసుకుంటే అంత విస్తీర్ణం బీడు భూమి సాగుకు తేవాలె, లేకుంటే దానికి సమానమైన పైసలు ఎవుసం కోసం జమ చెయ్యాలె అని ఉన్నది. కానీ ఇది సర్కారు గుంజుకునేదానికే, ప్రైవేట్ వెంచర్‌కు ఈ సెక్షన్ పట్టదు, వాళ్ళు నాలా (సాగుభూమిని వేరే వాడకానికి మార్చే ఫీజు) కట్టి మార్చుకుంటరు. నేను పోయేది ఇటు దిక్కు, చట్టం దిక్కు.

---

లెక్కలమాస్టర్_కేయూ_రోడ్

మీ భయం సరైనదే, నేను కొట్టిపారెయ్యను. కానీ ఒక్క మాట. అంకె లేకపోతే వాళ్ళు పొలం విలువ సున్నా అని రాసుకుంటరు, ఇప్పుడు జరుగుతున్నది అదే. ఏ రోడ్డు డీపీఆర్‌ల (ప్రాజెక్టు రిపోర్టుల) అయినా చూడున్రి, భూమి ఖర్చు అంటే రైతుకిచ్చే పరిహారం, అంతే, ఆ పొలం పోయినందుకు మిగతా ఊరికి ఏం నష్టమయ్యిందో ఒక్క లైను ఉండదు.

ఇంకా మీ లెక్కల ఒక జాగల జాగ్రత్త ఉండాలె. 340 అనేది ఏడాది ఏడాదికి వచ్చేది, కోటి అనేది ఒక్కసారి వచ్చేది, రెండింటినీ పక్కపక్కన పెట్టొద్దు. ఆ 3,200 కూడ సిటీ ఇండ్లు మాత్రమే ఇచ్చేది, అండ్ల కైకిలి పోగొట్టుకునే అక్కలది లేదు, కిందున్న చెరువు రైతులది లేదు, పంట విలువ అస్సలు లేదు ఎందుకంటే అది మార్కెట్ల వేరేగ వస్తది. ఇవన్నీ కలిపినంకనే ప్లాటుతోని పోల్చాలె. తమ్మీ, నీ రిపోర్ట్ మొదటి పేజీలనే ఈ అంకెల ఏమున్నది, ఏం లేదు అని రాయి, వెనక పేజీల కాదు. ఇంకోటి, నీకు "సర్కారు చూసుకోవాలె" అని సున్నా చెప్పినోళ్ళు ఉన్నరు కదా, వాళ్ళు పొలాలు వద్దన్నట్టు కాదు, కట్టే పద్ధతి వద్దన్నట్టు. దాన్ని ప్రొటెస్ట్ జీరో అంటరు. "ఎందుకు కాదన్నరు" అని తప్పకుండ అడిగి వాళ్ళను వేరే లెక్కల పెట్టు, వాళ్ళు ఎంత శాతమో కూడ చెప్పు, మన దగ్గర అది పెద్దగనే ఉంటది.

80ఏ అన్నా, మీరు చట్టం అన్నరు, నాకూ ఇష్టమే. కానీ కేరళ చట్టంల కట్టడ హక్కు పోయినందుకు రైతుకు పైసలు లేవు, నిషేధం ఒక్కటే, కాలువకింద అన్న అడిగింది దాని గురించే. అందుకే ఏ పథకం, బీ పథకం రెండూ కార్డుల ఉండాలె, జనం ఏది న్యాయం అనుకుంటున్నరో చూద్దాం.

---

కాలువకింద_రైతు

సార్, నిషేధం ఒక్కటే పెడితే మా ఊర్ల అందరం రోడ్డు మీదికి వస్తం, మళ్ళ 2022 లెక్కనే. పైసలిచ్చి 30 ఏండ్లు అంటే కూసొని మాట్లాడుతం. ఇద్దరు ముగ్గురు ముసలోళ్ళు అయితే పైసలు లేకున్నా అమ్మం అంటరు, వాళ్ళది వేరే.

తమ్మీ కార్డుల "ఎప్పటికీ" అనే మాట తియ్యి. ఎప్పటికీ అంటే మా దగ్గర ఎవ్వడూ సంతకం పెట్టడు, కొడుకులు, మనుమల దాక కట్టేసినట్టు అనిపిస్తది. 10 ఏండ్లు, 20 ఏండ్లు, 30 ఏండ్లు అని పెట్టి ఒక్కొక్కదానికి ఎంత కావాలె అని అడుగు. ఇంకా సర్వేకు పొద్దున పోకు, నీళ్ళు పెట్టుకునే టైం, ఎవడూ మాట్లాడడు. వడ్లు ఐకేపీ సెంటర్ల పోసి కాంటా కోసం చూస్తున్నప్పుడు రా, అక్కడ రోజులకు రోజులు కూసుంటం, కౌలోళ్ళు, పట్టాదారులు, హమాలీలు అందరు ఒక్కతాననే దొరుకుతరు. కానీ ఏజెంట్‌లెక్క షర్టు ఇన్‌షర్ట్ చేసుకొని కార్ల రాకు, భూమి రేటు అడుగుతున్నవని అనుకొని తప్పుడు రేటు చెప్తరు.

---

తరిపొలం_హన్మకొండ

సరే అన్నా, "ఎప్పటికీ" తీసేసిన, 10, 20, 30 పెట్టిన. యాసంగి కోతలప్పుడు కాంటాల కాడికి వస్త, సిటీ సర్వే వానలప్పుడు సగం, తర్వాత సగం చేస్త. సార్, ఆఖరి డౌటు ఒకటి, సిటీల శాంపిల్ ఎట్ల తియ్యాలె, మా ఫ్రెండ్స్ గూగుల్ ఫారం వాట్సాప్ గ్రూపులల పెడదామంటున్నరు.

---

లెక్కలమాస్టర్_కేయూ_రోడ్

గూగుల్ ఫారం వద్దు. నీ ఫ్రెండ్స్, వాళ్ళ ఫ్రెండ్స్, అందరూ ఒకే వయసు, ఒకే చదువు వస్తరు. డివిజన్లు కొన్ని చిట్టీలు తీసి ఎంచుకో, బస్తీ ఒకటి, పాత వరంగల్ ఒకటి, కాజీపేట ఒకటి, హన్మకొండ కొత్త కాలనీలు, విలీన గ్రామాలు తప్పకుండ ఉండాలె. ఓటర్ లిస్టుల పోలింగ్ బూత్ వారీగ ఇంటి నంబర్లు ఉంటయి, అండ్లకెళ్ళి ఒక లెక్క ప్రకారం ప్రతి పదో ఇల్లో ఇరవయ్యో ఇల్లో తీసుకొని పో. తాళం ఉంటే పక్కింటికి పోకు, సాయంత్రం మళ్ళ అదే ఇంటికి పో, ఎందుకంటే పగలు దొరికేది ముసలోళ్ళే. ఒక్కొక్క రేటుకు తక్కువల తక్కువ 50, 60 ఇండ్లు పడాలె, లేకుంటే టర్న్‌బుల్ లెక్కల శాతాలు పైకి కిందికి ఊగుతయి. కాజీపేట అక్క ఒప్పుకుంటే మొదటి ఇరవై ఫారాలు ఆమె ముందట చదివి చూడు, ఏ ప్రశ్న అర్థమవుతలేదో ఆమె పట్టుకుంటది.

---

మెప్మా_ఆర్పీ_కాజీపేట

ఒప్పుకుంట, ఎందుకొప్పుకోను. ఆదివారం మీటింగ్ ఉంటది సంఘాల వాళ్ళది, ఫారాలు పెద్ద అక్షరాలతోని ప్రింట్ తీసుకొని రా, మ్యాప్ కూడ తే. మ్యాప్ మీద చెరువుల పేర్లు తెలుగుల రాయి, అక్కలకు సర్వే నంబర్లు తెల్వయి కానీ ఏ చెరువు కింద నాటేసిన్రో అన్నీ తెలుసు.